నడిగూడెపామె

మిర్యాలగూడ,
12 జూన్ 2023

అఖిలకు,

నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో నేను మాట్లాడడం లేదని రాశావు. నిజమే. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే ఏం చెప్పాలో తోచదు. మీ అక్క ఉన్నప్పుడు నీతో ఆమే మాట్లాడేది, నేను పక్క నుంచి "అడిగానని చెప్పు" అనేవాణ్ణి. ఇక మీదట ఉత్తరమే రాయి. నువ్వుండే ఆవిలా ఎక్కడుందో మ్యాప్‌లో చూశాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు సోషల్ చెప్పాను కానీ స్పెయిన్‌లో మాడ్రిడ్ తప్ప ఇంకో ఊరి పేరు నా నోట రాలేదు.

నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. మార్చిలో, సూర్యాపేట దవాఖానలో, చివరికి ఆమెకు నొప్పి తగ్గింది. మాట్లాడేది. వార్డులోకి కొత్త నర్సు వచ్చి "ఏ ఊరమ్మా మీది?" అంటే నా వైపు చూసింది. మిర్యాలగూడ అని నేనే చెప్పాను. ఒకరోజు "నడిగూడెం పోదామా" అంది. తగ్గినాక పోదాం అన్నాను. సరే అంది. అంతే.

మట్టికి మీ పుట్టింటి నుంచి ఒక్క మనిషి రాలేదు. "పుట్టింటి చీర ఏది సార్?" అని పక్కింటి సోమమ్మ అడిగింది. ఆమే వెళ్లి తన పెట్టెలోంచి కొత్త చీర తెచ్చి కప్పింది. మీ అన్న ఏసుబాబు మునగాల దాకా వచ్చి వెనక్కి పోయాడని తర్వాత విన్నాను. ఎందుకని అడగలేదు.

నవంబర్‌లో సమాధుల పండుగ లోపు రాయి పెట్టించాలి. "సాయమ్మ, సాంసన్ భార్య, మిర్యాలగూడ" అని రాయిద్దామనుకుంటున్నాను. పక్కన నాకు జాగా ఉంచమని ఫాదర్‌తో ఎప్పుడో చెప్పి పెట్టాను. ఏమైనా చేర్చాలంటే రాయి.

నీ బావ,
సాంసన్


ఆవిలా,
2 జూలై 2023

ప్రియమైన బావకు, అఖిల వందనాలు.

నీ చేతిరాత ఇంకా బోర్డు మీద రాసినట్టే ఉంది. మా మఠంలోని సిస్టర్లు చూసి ఇవి బొమ్మలా, అక్షరాలా అని అడిగారు. ఇక్కడ జూలైలో కూడా పొద్దున్నే స్వెటర్ లేకుండా బయటికి పోలేం. ఆశ్రమంలో ముసలివాళ్లకు స్నానం పోయించేసరికి నా చేతులు కొంకర్లు పోతాయి.

నీకొక సంగతి చెప్పాలి. ఇక్కడివాళ్లకు ఊరంటే పిచ్చి బావా. ఏ ఊరి మనిషికి ఆ ఊరి మాట ఉంటుంది. మాడ్రిడ్ మగవాడు మద్రిలేన్యో, ఆడమనిషి మద్రిలేన్యా. సెవియ్యా మనిషి సెవియ్యానో. ఈ ఆవిలా వాళ్లు అబులెన్సే. కొన్నిచోట్ల ఊరికీ మాటకూ పొంతనే ఉండదు. వెల్వా అని సముద్రం దగ్గర ఒక ఊరుంది. అక్కడివాళ్లు ఒనుబెన్సే. రోమన్ల కాలంలో ఆ ఊరు ఒనుబా అట. ఊరు పేరు మార్చుకుంది కానీ మనుషులు మార్చుకోలేదు.

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర దోన్యా (అంటే అమ్మగారు) కొన్సువేలో, మా ఆశ్రమంలోని వెల్వా ముసలమ్మ, నా చెయ్యి పట్టుకుని "సిస్టర్, నువ్వేమిటి?" అంది. ఇండియా అన్నాను. "దేశం అందరికీ ఉంటుందమ్మా, ఊరేదో చెప్పు" అంది. నడిగూడెం అన్నాను. ఇక చూడు. దోన్ ఎవుసేబియో స్పూను కింద పెట్టి "అయితే నడిగుడేన్యా" అన్నాడు. ఇంకొకాయన "అది చెవికి బాగుండదు, నడిగుడానా" అన్నాడు. కొన్సువేలో బల్ల మీద కొట్టి "ఇద్దరూ నోరు ముయ్యండి. నడిగుడెన్సే! నాకున్న తోకే ఈమెకూ" అని తేల్చేసింది. సూపు చల్లారిపోయింది. ఇన్నేళ్లుగా ఇక్కడ నేను ఇండియా సిస్టర్‌ని. నాకూ ఒక ఊరుందని ఇప్పటికి ఒకరు ఒప్పుకున్నారు. ఆ రోజంతా మెట్లు ఎక్కుతూ దిగుతూ నాలో నేనే నవ్వుకున్నాను.

అందుకే అడుగుతున్నాను. రాయి మీద నడిగూడెం అని రాయించు. ఇక్కడ మనిషి ఎక్కడ పోయినా సమాధి మీద పుట్టిన ఊరు రాసుకుంటారు చాలామంది. మీ వీధిలో అక్కను నడిగూడెపామె అనేవాళ్లు కదా. నేను సెలవులకు వస్తే "నడిగూడెపామె చెల్లెలొచ్చింది" అనేవాళ్లు. నాకెంత గొప్పగా ఉండేదో. ఆ మాటే రాయించు బావా.

అన్న సంగతి ఇప్పుడు రాయను. రాస్తే కోపంగా రాస్తాను.

వేళకు తింటున్నావా?

నీ మరదలు,
అఖిల (నడిగుడెన్సే)


మిర్యాలగూడ,
21 జూలై 2023

అఖిలకు,

మీ ముసలివాళ్ల గొడవ బాగుంది. సోమమ్మకు చదివి వినిపించాను. "ఆళ్లకేం పని లేదా సార్" అంది.

ఆ మాట రాయి మీద రాయించను. ఎందుకో చెబుతాను.

నువ్వు సెలవులకు వచ్చిపోయే పిల్లవి. నీకు ఆ మాటలో ఊరు వినపడింది. మా అమ్మ మీ అక్కను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. కూరలో ఉప్పెక్కువైతే "నడిగూడెంల ఉప్పు ఊకెనే వస్తదేమో" అనేది. ఆమె మాట్లాడకుండా ఉంటే "నడిగూడెపుదానికి మూతి ఎప్పుడు గంతే ఉంటది" అనేది. పిల్లల కోసం దవాఖానల చుట్టూ తిరిగిన రోజుల్లో వాకిట్లో కూర్చుని వచ్చిపోయే వాళ్లందరితో "మా నడిగూడెపామె సంగతి ఇగ గింతే" అనేది. మా అమ్మనూ ఆమె అత్త మునగాలామె అనే పిలిచిందట. మా అమ్మకు వేరే పేరుందని నాకు బడికి పోయే వయసు వచ్చాక గాని తెలియలేదు.

కరెంటు పోతే వీధి ఆడవాళ్లంతా వచ్చి కూర్చునేది మీ అక్క అరుగు మీదే. అయినా మట్టి రోజు వాళ్లు అడిగింది "నడిగూడెపామెను ఎన్నింటికి తీస్తరు?" అని. ఫాదర్ ప్రార్థనలో సాయమ్మ అన్నప్పుడు ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పేరు ఎవరిదో వాళ్లకు తెలియదు.

నేను ఇక్కడ సాంసన్ సార్‌ని. నన్ను ఎవరూ ఏ ఊరికీ కట్టలేదు.

నువ్వు పరాయిదానివి అని రోజూ గుర్తు చేసే మాట అది. పోయాక కూడా దాన్ని ఆమె నెత్తిన పెట్టను. మిర్యాలగూడ అనే రాయిస్తాను. ఈ ఊరు ఆమెకు ఇవ్వనిది నేనిస్తాను.

తింటున్నాను. సోమమ్మ కూర పంపుతుంది.

నీ బావ,
సాంసన్


ఆవిలా,
9 ఆగస్టు 2023

బావకు,

నువ్వు ఇస్తావా? ఎవరిది ఎవరికి ఇస్తావు?

నీకు నిజంగానే తెలియదా, తెలియనట్టు రాస్తున్నావా? ఆ రోజు పొద్దున నువ్వు అన్నకు ఫోన్ చేసి "పోయింది. తీసుకొస్తున్న" అని పెట్టేశావు. ఎక్కడికి తీసుకొస్తున్నావు? అన్న నడిగూడెం అనుకున్నాడు. వేరే ఎట్లా అనుకుంటాడు? అమ్మ పక్కన పెట్టమని అక్కే చెప్పింది. నాతో చెప్పింది, నేను అన్నతో చెప్పాను. నీకు తానే చెబుతానంది.

అన్న మనుషులను పిలిచి అమ్మ సమాధి పక్కన గుంత తవ్వించాడు. పుట్టింటి చీర పట్టుకుని మునగాల దగ్గర హైవే మీద నిలబడ్డాడు. వచ్చిన ప్రతి అంబులెన్సుకూ చెయ్యి అడ్డం పెట్టాడట. దాబా వాళ్లు పిచ్చోడనుకున్నారట. నీ ఫోన్ మోగింది, నువ్వు తీయలేదు. సాయంత్రం ఎవరో చెబితే తెలిసింది, మిర్యాలగూడలో మట్టి అయిపోయిందని. అన్న ఆ చీర చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. పుట్టింటి చీర కప్పలేదని నాకు రాశావు నువ్వు!

సూర్యాపేటలో బండి ఎటు తిరగాలో నువ్వొక్కడివే తేల్చావు. బతికినన్నాళ్లూ మీ అమ్మ ఊరి పేరు పెట్టి పొడిచింది. పోయాక నువ్వు ఆ ఊరు కూడా లేకుండా చేశావు. ఇప్పుడు దాని మీద రాయి పెట్టి మిర్యాలగూడ అని రాస్తావు.

దోన్యా కొన్సువేలోకు ఒంట్లో బాగాలేదు. రాత్రంతా ఆమె దగ్గర కూర్చోవాలి. ఇంతకంటే రాయలేను.

అఖిల


మిర్యాలగూడ,
28 ఆగస్టు 2023

సిస్టర్ అఖిల గారికి,

నాకు తెలియదు.

దవాఖాన గేటు దగ్గర అంబులెన్సు డ్రైవర్ సోమ్లా అడిగాడు. "ఎటు సార్? హైవే ఎక్కాలనా, మిర్యాలగూడ రోడ్డా?" ఇంటికి అన్నాను. ఏ ఇల్లని అతను మళ్లీ అడిగాడు. అడిగినందుకు నాకు కోపం వచ్చింది. ఇల్లంటే నాకు ఒకటే.

నా ఫోన్ ఆమె బ్యాగులో పడేశాను. బ్యాగు ఆమె కాళ్ల దగ్గర ఉంది. దారిపొడుగునా మోగింది. ఓదార్చడానికి ఎవరో చేస్తున్నారనుకున్నాను. తీస్తే మాట్లాడాలి.

మీ అన్న చీర పట్టుకుని నిలబడ్డాడని మీరు రాస్తే తెలిసింది. అంతవరకు ఇంకోలా అనుకున్నాను. మీ వాళ్లకు మేమంటే మొదటి నుంచీ లెక్క లేదనుకున్నాను.

నాకు కొన్ని సంగతులు కావాలి. ఆమె ఏమందో ఆమె మాటల్లోనే రాయండి. మీవి కలపకండి. నాకెందుకు చెప్పలేదో మీకు తెలిస్తే అదీ రాయండి. తవ్విన గుంత ఏమైందో రాయండి.

రాయి పని ఆపించాను.

ఇట్లు,
సాంసన్


ఆవిలా,
20 సెప్టెంబర్ 2023

బావా,

గారు అని రాశావు. మీ పెళ్లై బస్సెక్కుతుంటే నేనూ వస్తానని నీ చొక్కా పట్టుకుని ఏడ్చాను, నువ్వు నన్ను ఎత్తుకుని సీట్లో కూర్చోబెట్టుకున్నావు. అందరూ నవ్వారు. ఆ గారు నాకొద్దు. పోయిన ఉత్తరంలో నేను రాసినవి కొన్ని వెనక్కి తీసుకోవాలని ఉంది. తీసుకోలేను, పోస్టు చేశాను కదా.

అక్క మాటలు ఇవి. క్రిస్మస్ రోజు ఫోన్‌లో అంది. నావి కలపడం లేదు.

"ఒక్కటి చెప్త, నడుమల మాట్లాడకు. నేను పోతే అమ్మ పక్కన పెట్టుండ్రి. గీడ నేను సచ్చినా నడిగూడెపామెనే. గాడ పండుకుంటె గా మాట అనెటోళ్లు ఉండరు. మీ బావకు నేనే చెప్త, మెల్లగ చెప్పాలె. పక్కన జాగ సూసుకున్నడు పిచ్చోడు."

ఇంతే. నువ్వు నొచ్చుకుంటావని చెప్పలేదు. ఆ మాట నుంచి తప్పించుకోవడానికే నడిగూడెం పోతానంది. నేనేమో ఆ మాటే రాయి మీద రాయించమని నీ వెంట పడ్డాను. ఆ మాట గురించి నువ్వే సరిగ్గా రాశావు. కానీ ఎక్కడ పెట్టాలన్నది నువ్వు అడగలేదు.

గుంత సంగతి. తవ్విన గుంతను ఉత్తగా పూడ్చొద్దని ఊళ్లో పెద్దవాళ్లు అన్నారట. అన్న ఆ చీరే అందులో పెట్టి మట్టి వేయించాడు. అమ్మ పక్కన ఇప్పుడు ఒక దిబ్బ ఉంది. దానికీ సమాధుల పండుగకు రాయి పెడతానని కోదాడలో చెప్పి వచ్చాడు. "పెంటయ్య కూతురు సాయమ్మ" అని మాత్రం చెక్కించు, నాన్న పేరు, అక్క పేరు చాలు, ఊరు వద్దని గట్టిగా చెప్పాను.

కొన్సువేలో పోయింది. పెళ్లైన దగ్గర్నుంచి ఆవిలాలోనే ఉందట, కానీ కొడుకు సమాధి పలక మీద వెల్వా అని రాయించాడు. దోన్ ఎవుసేబియో టోపీ తీసి "అక్కడా ఒనుబెన్సే, ఇక్కడా ఒనుబెన్సే" అన్నాడు. ఇప్పుడు నన్ను నడిగుడెన్సే అని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. మిగతావాళ్లకు ఆ మాట గుర్తుండదు.

ఒకసారి నడిగూడెం వెళ్లు. అన్నతో మాట్లాడు. ఫోన్‌లో మాత్రం వద్దు.

అఖిల


మిర్యాలగూడ,
4 నవంబర్ 2023

అఖిలకు,

నిన్న నడిగూడెం వెళ్లాను. కోదాడలో బస్సు మారాను. మీ అన్న స్టాపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇద్దరం టీ తాగాం. డబ్బులు అతనే ఇచ్చాడు. దారిలో ఒక ముసలమ్మ "ఎవలు బిడ్డా?" అంది. "మా మిర్యాలగూడ బావ" అన్నాడు. "మిర్యాలగూడ సాయమ్మ పెనిమిటా! ఎంత సిక్కిపోయిండు" అంది. ఆ ఊళ్లో నేను మిర్యాలగూడ అల్లుణ్ణే. పండక్కి రెండు రోజులుండి పోయేవాడికి ఆ మాట బరువు తెలియదు.

దిబ్బ చూశాను. మీ అమ్మ సమాధి పక్కనే ఉంది. పండుగకు పెట్టిన బంతిపూలు ఇంకా వాడలేదు. రాయి నల్లది, చెక్కడం బాగుంది. పైన "మిర్యాలగూడ సాయమ్మ" అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో "పెంటయ్య కూతురు".

ఇది ఎవరు రాయమన్నారు అన్నాను. మీ అన్న రాయి వైపు అప్పుడే చూస్తున్నట్టు చూశాడు.

"కోదాడల చెక్కెటాయన అడిగిండు బావా, 'ఏ ఊరి సాయమ్మ గారండీ' అని. మిర్యాలగూడ సాయమ్మ అన్న. నోటికి గట్లనే వచ్చింది. ఆయన చెక్కిండు."

"ఊరు వద్దని అఖిల చెప్పింది కదా."

"చెప్పింది. గని గీ ఊర్ల సాయమ్మలు శానమంది ఉన్నరు. మిర్యాలగూడ సాయమ్మ అంటెనే మా అక్క. పెండ్లైన కాడికెల్లి గదే పేరు." నా వైపు తిరిగి అడిగాడు. "ఏం బావా, తప్పా?"

తప్పు కాదన్నాను. అతను మునగాలలో ఎక్కడ నిలబడిందీ చెప్పాడు. చెయ్యి ఎట్లా అడ్డం పెట్టిందీ చూపించాడు. నేను విన్నాను. వచ్చేటప్పుడు బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని ఉన్నాడు.

నువ్వు అడగకముందే ఒకటి చెబుతున్నాను. మీ అక్కను తీసి అక్కడికి మార్చే సంగతి ఫాదర్‌ను అడగలేదు. అడగను. ఏ మాట వినకూడదని ఆమె అక్కడికి పోదామనుకుందో ఆ మాట అక్కడ ఇంకో ఊరి పేరుతో కాచుకుని ఉంది. మీ కొన్సువేలోకు ఎక్కడికి పోయినా ఒకటే మాట. మీ అక్కకు మాత్రం ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరిది కాదని చెప్పే మాట. ఆమెకు ఇది తెలిసి ఉండదు. తెలియకుండా పోవడమే మంచిదైంది.

వార్డులో "నడిగూడెం పోదామా" అన్నది చూడడానికి కాదని ఇప్పుడు తెలిసింది. ఆమె నాకు చెప్పింది. నేను సరే, తగ్గినాక అన్నాను.

ఇక్కడ రాయి పండుగకు ముందే పెట్టించాను. "సాయమ్మ" అని ఒక్క మాట. ఊరు లేదు. నా పేరు కూడా లేదు. ఆమెకు ఎవరో ఒకరి ఆనవాలు ఎందుకుండాలి అనుకున్నాను.

ఇవాళ పొద్దున కొవ్వొత్తుల మైనం గీకడానికి సమాధుల తోటకు వెళ్లాను. కావలి బీరయ్య చీపురు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"గిదేంది సార్, ఊరు లేదు, ఎవలామెనో లేదు. రేపు ఎవలన్న వచ్చి అడిగితె ఎట్ల సూపియ్యాలె?"

"నాకు తెలుసు కదా."

"నీకెర్కనే సార్. నీ తర్వాత?"

మాకు పిల్లలు లేరని అతనికి తెలుసు. పక్కన ఖాళీ జాగా నాదని కూడా తెలుసు. దాన్నీ ఊడ్చాడు. ఊడుస్తూనే అన్నాడు.

"ఏం పరేషాన్ కాకు. నడిగూడెపామె గీడనే అని చెప్త. గట్లంటె అందరికి ఎర్కైతది."

అట్లనే చెప్పు అన్నాను.

బావ